కథల పుస్తకాలకు ఒక అర దొరికింది, ఏవి పెట్టాలో చెప్పండి

అందరికీ నమస్కారం. నాకు పదిహేడేళ్లు. తిరుపతిలో గోవిందరాజస్వామి గుడికి దగ్గరలో ఉన్న ఒక చిన్న పుస్తకాల దుకాణంలో ఏడాదిగా సాయంత్రాలు పని చేస్తున్నాను.

మా దగ్గర అమ్ముడయ్యేవి ఎక్కువగా ఇంటర్ గైడ్లు, పోటీ పరీక్షల పుస్తకాలు, స్తోత్రాలు, పంచాంగాలు. బేరం లేని వేళ ఏదైనా చదువుకోమని యజమాని (బాబాయి అని పిలుస్తాను) మొదటి రోజే చెప్పారు. అట్ట నలగకూడదన్నది ఒక్కటే షరతు. అలా ముప్పై నాలుగు పుస్తకాలు చదివాను. నామిని 'పచ్చనాకు సాక్షిగా' చదువుతుంటే మా అవ్వ పక్కన కూర్చుని మాట్లాడుతున్నట్టే అనిపించింది. చిత్తూరు జిల్లా మాట అచ్చులో అంత అందంగా ఉంటుందని నాకు అంతవరకు తెలియదు. తరువాత మధురాంతకం రాజారాం కథలు చదివాను. 1993లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది ఆ కథలకేనట.

గత వారం ఒక ఏడో తరగతి పాప వచ్చి, "అన్నా, కథల పుస్తకం ఉందా?" అని అడిగింది. ఆ వయసుకు తగినది ఒక్కటీ లేదు. వట్టి చేతులతో వెళ్లిపోయింది. నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. బాబాయిని బతిమాలితే ఒక అర ఖాళీ చేసి ఇచ్చారు. మొదట పది పుస్తకాలు తెప్పిస్తారట, ఒక్కొక్కటి రెండు వందల రూపాయలు దాటకూడదు.

పన్నెండు నుంచి పదహారేళ్ల పిల్లలు ఆపకుండా చదివే తెలుగు పుస్తకాలు, ఇప్పుడు అచ్చులో దొరికేవి చెప్పగలరా? ముఖ్యంగా రాయలసీమ పల్లెల కథలు. మీరు ఆ వయసులో చదివి మరిచిపోలేనిది ఒక్కటి చెప్పినా చాలు. ఆదివారం లోగా జాబితా ఇవ్వాలి.