పాపికొండల ఆయిల్ పెయింటింగ్: కొండలు వెనక్కి వెళ్లట్లేదు, నీళ్లు పడుకోవట్లేదు

గోదారిగట్టు:
18×24 అంగుళాల కాన్వాస్ మీద పాపికొండల దగ్గర గోదావరి వేస్తున్నాను. మూడు వరుసల కొండలు, నది, ముందు ఇసుకతిన్నె. వెనక కొండలకు తెలుపు కలిపితే సుద్ద పూసినట్టున్నాయి. నీళ్లు నిలబెట్టిన గోడలా ఉన్నాయి. పైగా ఆరాక ముదురు చోట్ల మెరుపు పోయి మచ్చలు పడ్డాయి. రంగులు: టైటానియం వైట్, అల్ట్రామెరీన్ (నీలం), బర్న్ట్ అంబర్ (ముదురు గోధుమ), ఎల్లో ఓకర్ (మట్టి పసుపు), శాప్ గ్రీన్. అన్ని పొరలకూ లిన్‌సీడ్ (అవిసె నూనె), రంగు పల్చబరిచే టర్పెంటైన్ సగం సగం.

నీలికొండ:
తెలుపు ఒక్కటే దూరాన్ని తేలేదు. దూరం పెరిగేకొద్దీ ముందు తేలిపోయేవి నీడలు; వాటిలోకి నీలం చేరుతుంది. మీరు వెలుగునూ నీడనూ కలిపి తెల్లబరిచినట్టున్నారు. వేయకముందే మూడు ముద్దలు కలిపి పెట్టుకోండి. చివరి వరుసకు తెలుపు, అల్ట్రామెరీన్, చిటికెడు అంబర్, ఆకుపచ్చ అసలొద్దు. నడిమి వరుసకు అదే ముద్దలో కొంచెం శాప్ గ్రీన్, ఓకర్. ముందు వరుసకు శాప్ గ్రీన్, అంబర్. నీడల్లో తెలుపు వద్దు. మూడింటినీ పక్కపక్కన పెట్టి ఫోన్‌లో బ్లాక్ అండ్ వైట్ ఫొటో తీస్తే తేడా చాలిందో లేదో తెలిసిపోతుంది. చివరి కొండ దాని వెనకున్న ఆకాశం కన్నా ఒక్క పిసరు ముదురుగా ఉంటే చాలు. మంచు నది మీదే దట్టంగా ఉంటుంది కాబట్టి, పొద్దుటి దృశ్యమైతే కొండ పాదం శిఖరం కన్నా లేతగా ఉండాలి. చాలామంది దీన్ని తిరగేస్తారు.

రేవుమెట్లు:
నీళ్ల సంగతి. ముందు కాలం తేల్చుకోండి. వరదల ఎర్రనీటికి తన రంగే ఎక్కువ, ప్రతిబింబం తక్కువ. కానీ కొండ నీడ దాని మీద స్పష్టంగా పడుతుంది. చలికాలపు తేట నీటిలో ప్రతిబింబమే ప్రధానం. రెండూ ఒకే బొమ్మలో కలిపితే కన్ను ఒప్పుకోదు. ప్రతిబింబం వస్తువుకు సరిగ్గా కిందికి దిగాలి. ముదురువి నీళ్లలో కాస్త లేతగా, లేతవి కాస్త ముదురుగా కనిపిస్తాయి. ముందు నిలువు గీతలతో వేసి, తడి ఉండగానే పొడి ఫ్లాట్ బ్రష్‌తో అడ్డంగా, తగిలీ తగలనట్టు లాగండి. ప్రతి లాగుడికీ బ్రష్ తుడవాలి, లేకపోతే బురదే. అలల గీతలన్నీ ఒకే మందంలో ఉంటే నది గోడలాగే నిలబడుతుంది: అవతలి ఒడ్డు దగ్గర సన్నగా, దగ్గరదగ్గరగా, ఇవతలికి వచ్చేకొద్దీ వెడల్పుగా, ఎడంగా.

అవిసెనూనె:
మచ్చలకు కారణం కింది పొర నూనె పీల్చేయడం. అంబర్ ఉన్నచోట ఇది ఎక్కువ. అన్ని పొరలకూ సగం సగం తప్పు. మొదటి పొరకు టర్పెంటైన్ మాత్రమే, రెండోదానికి మూడు పాళ్లు టర్పెంటైన్‌కు ఒక పాలు నూనె, సగం సగం చివరికే. ఈ వరుస తిరగబడితే పైపొర ముందు ఆరి, కింది పొర కదిలినప్పుడు పగులుతుంది. ఇప్పటికి ఆ మచ్చలు పోవాలంటే, తాకితే అంటనంత ఆరాక, ఒక పాలు లిన్‌సీడ్, రెండు పాళ్లు టర్పెంటైన్ కలిపి పీచు రాలని గుడ్డతో పల్చగా రుద్ది, మిగిలింది తుడిచేయండి. ఆ గుడ్డను ఉండచుట్టి పడేయొద్దు, దానంతటదే నిప్పంటుకోవచ్చు, విప్పి ఆరేయండి. వార్నిష్ కనీసం ఆరు నెలల తర్వాతే.

గోదారిగట్టు:
చలికాలమే వేస్తున్నా. ఆరిపోయిన వెనక కొండల్ని గీకేయాలా? టర్పెంటైన్ బదులు కిరోసిన్ వాడొచ్చా?

నీలికొండ:
గీకక్కర్లేదు. తెలుపు, అల్ట్రామెరీన్, రవ్వంత ఓకర్ కలిపి, గట్టి కుచ్చు బ్రష్‌కు కొద్దిగా అద్ది, కాగితం మీద తుడిచేశాక కొండల నీడల మీద పల్చగా రాయండి. కింది రంగు కనబడుతూనే ఉండాలి.

అవిసెనూనె:
కిరోసిన్ బ్రష్‌లు కడగడానికే. రంగులో కలిపితే జిడ్డు మిగిలి, ఆరడం ఆలస్యమవుతుంది.