రిమాండ్‌లో ఉన్న మా బావగారికి స్టెంట్ మాత్రలు అందేదెలా?

హనుమకొండవాసి:
మా బావగారు ఇరవై రోజులుగా రిమాండ్‌లో ఉన్నారు. ఆరు నెలల క్రితం గుండెపోటు వస్తే స్టెంట్ వేశారు. వరంగల్ సెంట్రల్ జైలును 2021లో ఆసుపత్రి కట్టడానికి కూల్చినప్పటి నుంచి మా వాళ్లకు ములాఖత్ అంటే దూరప్రయాణమే. మొన్న అక్క తెల్లవారుజామున బయలుదేరి మూడు మాత్రల పట్టీలు తీసుకుపోతే, బయటి మందులు తీసుకునేది లేదంటూ గేటు దగ్గరే కవరుతో సహా తిప్పి పంపారు. లోపల బీపీ మాత్ర, ఆస్పిరిన్ ఇస్తున్నారట. రక్తం పలుచబరిచే రెండో మాత్ర నాలుగు రోజులుగా లేదట. బెయిలు వచ్చేదాకా ఆగవలసిందేనా?

గుండె వార్డులో పనిచేసిన నర్సు:
ఆగకండి. స్టెంట్ అంటే సన్నని లోహపు జాలీ. దాని మీద రక్తనాళపు లోపలి పొర పూర్తిగా పరుచుకునేదాకా అక్కడ రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉంటుంది కనుకనే, గుండెపోటు వచ్చినవారికి ఆస్పిరిన్‌తో పాటు క్లోపిడోగ్రెల్ వంటి మరో మాత్రను సాధారణంగా ఏడాది పాటు ఇస్తారు. ఆస్పిరిన్ ఒక్కటే అందుతున్నదంటే సగం కాపలా ఎత్తేసినట్టే. ఛాతీ బిగపట్టినా, దవడ లాగినా, చల్లని చెమటలు పట్టినా గ్యాసేమోనని (మన దగ్గర అందరికీ ముందు గ్యాసే గుర్తొస్తుంది) తెల్లవారేదాకా ఓర్చుకోకుండా, బారక్‌కు తాళం పడిన తరువాతైనా సరే వార్డర్‌ను పిలవమని ఆయనకు గట్టిగా చెప్పండి.

వరంగల్ న్యాయవాది:
డిశ్చార్జి సమ్మరీ నకలు జతచేసి సూపరింటెండెంట్‌కు, జైలు మెడికల్ ఆఫీసర్‌కు వేర్వేరుగా దరఖాస్తు ఇచ్చి, అందినట్టు ముద్ర వేయించుకోండి. 1894 నాటి జైళ్ల చట్టం 37వ సెక్షన్ ప్రకారం, ఖైదీ వైద్యుణ్ణి చూడాలని కోరినా, అనారోగ్యంగా కనిపించినా, ఆ సంగతి ఆలస్యం లేకుండా వైద్య సిబ్బందికి చేరవేయడం జైలు అధికారుల విధి. అదే రోజు రిమాండ్ విధించిన కోర్టులో, మందులు ఇప్పించి గుండె వైద్యునికి చూపించాలని పిటిషన్ వేయండి. రిమాండ్ పొడిగింపు వీడియోలో జరిగినా సరే, మీ బావగారు మేజిస్ట్రేటుకు నోటితో చెప్పుకోవచ్చు. జబ్బుపడినవారికి బెయిలిచ్చే వీలు నేర విచారణ చట్టమైన బీఎన్ఎస్ఎస్ 480వ సెక్షన్‌లో ఉన్నది గాని, అది కోర్టు విచక్షణ. మాత్రల విషయాన్ని దానితో ముడిపెట్టి ఆలస్యం చేయకండి. వకీలును పెట్టుకునే స్తోమత లేకుంటే జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా ఇస్తుంది, నంబరు 15100.

హనుమకొండవాసి:
సమ్మరీలో క్లోపిడోగ్రెల్ 75 అని స్పష్టంగా ఉన్నది. రేపు పొద్దున్నే నాలుగు జిరాక్సులు తీయించి అక్కతో పాటు నేనూ వెళ్తున్నాను.