మూడు కాలేజీలు మారిన క్యామ్ వార్డ్: ఆటగాళ్ల బదిలీలకు హద్దు ఉండాలా?

రచ్చబండ రాజు
అమెరికా కాలేజీ ఫుట్‌బాల్ చూసేవారిని అడుగుతున్నాను (కాలితో తన్నే ఆట కాదు, కోలబంతిని చేత్తో విసిరే ఆట). క్వార్టర్‌బ్యాక్ (జట్టు దాడిని నడిపిస్తూ బంతి విసిరే ఆటగాడు) క్యామ్ వార్డ్ శాన్ ఆంటోనియోలోని ఇన్‌కార్నేట్ వర్డ్ అనే చిన్న కాలేజీలో మొదలుపెట్టి, వాషింగ్టన్ స్టేట్‌కు, అక్కడి నుంచి మయామికి మారాడు. 2025 ఏప్రిల్‌లో ఎన్‌ఎఫ్‌ఎల్ డ్రాఫ్ట్‌లో (ప్రొఫెషనల్ లీగ్ జట్లు కాలేజీ ఆటగాళ్లను వంతులవారీగా ఎంచుకునే కార్యక్రమం) టెన్నెసీ టైటన్స్ అతన్ని అందరికంటే ముందు ఎంచుకుంది. ఒకప్పుడు కాలేజీ మారితే ఏడాది ఆడకుండా కూర్చోవాలి. కాలేజీ క్రీడలను నడిపే సంస్థ ఎన్‌సీఏఏ 2021లో ఒక్కసారికి మినహాయింపు ఇచ్చింది. 2024లో, చదువులో అర్హత ఉంటే ఎన్నిసార్లు మారినా వెంటనే ఆడవచ్చంది. ఒక్కసారి సరే, రెండోసారి మారితే ఏడాది కూర్చోబెట్టాలని నా వాదన. లేకపోతే అది కాలేజీ జట్టు కాదు, సంత.

డెంటన్ బాబాయి
రాజు గారూ, ఆ సంతకు ముందు బయలుదేరింది ఎవరో చూడండి. వార్డ్ హైస్కూలు జట్టు బంతి విసరడం తక్కువ, పట్టుకుని పరుగెత్తడం ఎక్కువ. అందుకే పెద్ద కాలేజీలేవీ అతని వంక చూడలేదు. నమ్మి స్కాలర్‌షిప్ ఇచ్చింది ఇన్‌కార్నేట్ వర్డ్ కోచ్ ఎరిక్ మోరిస్. 2021 సీజన్ ముగిశాక ఆ మోరిసే వాషింగ్టన్ స్టేట్‌లో ఉద్యోగం చూసుకున్నాడు, కుర్రాడు వెంట వెళ్ళాడు. ఒక్క సీజన్ కాగానే మోరిస్ మా డెంటన్‌లోని నార్త్ టెక్సాస్‌కు హెడ్ కోచ్‌గా వచ్చేశాడు. వార్డ్ మాత్రం వాషింగ్టన్ స్టేట్‌లోనే ఉండి ఇంకో ఏడాది ఆడాడు. ఇద్దరిలో ఎవరిని బెంచీ మీద కూర్చోబెడదాం?

లెక్కల మాస్టారు
నెగ్గినవాడినే చూపిస్తే ఏ వాదమైనా నెగ్గుతుంది బాబాయి గారూ. నాలుగు కాలేజీలు తిరిగిన జేటీ డేనియల్స్ సంగతీ చెప్పండి. 2018లో యూఎస్‌సీలో (సదరన్ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం) తొలి ఏడాదే ప్రధాన క్వార్టర్‌బ్యాక్. 2019 మొదటి మ్యాచ్‌లోనే మోకాలు దెబ్బతింది. జార్జియాకు వెళ్ళాడు. 2021లో గాయపడితే ఆ స్థానం స్టెట్సన్ బెనెట్ చేతికి వెళ్ళింది, జట్టు జాతీయ విజేత అయింది, డేనియల్స్‌కు చోటు తిరిగి రాలేదు. తర్వాత వెస్ట్ వర్జీనియా, ఆ తర్వాత రైస్. తలకు తగిలిన దెబ్బల వల్ల 2023 చివర్లో ఆటే మానేశాడు. పొరుగింటి పుల్లకూర ప్రతిసారీ రుచిగా ఉండదు.

చదువు మాటా ఎవరూ ఎత్తరు. ఎన్‌సీఏఏ మొదటి డివిజన్ (కాలేజీ ఆటల్లో పై శ్రేణి) నియమం ప్రకారం రెండో ఏడాది చివరికి డిగ్రీలో 40 శాతం, మూడో ఏడాదికి 60, నాలుగో ఏడాదికి 80 పూర్తికావాలి. పాత కాలేజీలో చదివిన కోర్సులన్నీ కొత్త కాలేజీ డిగ్రీకి లెక్కకు రావు. డ్రాఫ్ట్‌లో పేరు రాని కుర్రాడికి చివరికి మిగిలేది ఆ డిగ్రీయే.

రచ్చబండ రాజు
మాస్టారూ, నేను చెప్పదలచింది కూడా అదే. ఇక వార్డ్ చివరి కాలేజీ ఆట చూశారా? 2024 డిసెంబరులో అయోవా స్టేట్‌తో బౌల్ మ్యాచ్ (సీజన్ ముగిశాక ఆడే ప్రత్యేక మ్యాచ్). మొదటి సగంలో మూడు టచ్‌డౌన్ పాస్‌లు విసిరాడు, కెరీర్ మొత్తంలో టచ్‌డౌన్ పాస్‌ల మొదటి డివిజన్ రికార్డు తన పేరిట రాసుకున్నాడు, రెండో సగం మైదానంలోకే దిగలేదు. మయామి 42–41తో ఓడింది. ఒక్క పాయింటు! ఊరూరా మారేవాడికి ఆ చొక్కా మీద మమకారం ఎక్కడి నుంచి వస్తుంది?

డెంటన్ బాబాయి
నాలుగేళ్లు ఒకే కాలేజీలో ఉన్నవాళ్లు కూడా డ్రాఫ్ట్ ముందు గాయం భయంతో బౌల్ మ్యాచ్‌లు మానేస్తున్నారు. అది బదిలీల మీద రుద్దకండి.

పుల్మన్ పాత విద్యార్థి
నేను వాషింగ్టన్ స్టేట్‌లో ఎం.ఎస్. చేశాను, కాబట్టి ఒక మాట. వార్డ్ వెళ్ళినప్పుడు నాకు కోపం రాలేదు. కోపం అంతకుముందే ఖర్చయిపోయింది. మా కాలేజీల లీగ్ పాక్-12ను టీవీ డబ్బు కోసం పది కాలేజీలు వదిలిపోతామని ప్రకటిస్తే, 2023 సెప్టెంబరు నాటికి వెళ్తామనకుండా మిగిలింది మేమూ, ఒరెగాన్ స్టేటూ. శతాబ్దం దాటిన బంధాన్ని విశ్వవిద్యాలయాలే తెంచుకుని పోతుంటే, ఇరవై ఒక్కేళ్లవాడికి విధేయత మీద ఉపన్యాసమా?

అయితే ఇన్‌కార్నేట్ వర్డ్‌కు జరిగింది అన్యాయమే. ఎవరికీ పట్టని కుర్రాడిని వాళ్లు తీర్చిదిద్దారు, పెద్దవాళ్లు తీసుకుపోయారు, పైసా రాలేదు. సాకర్‌లో చిన్న వయసులో ఆటగాడిని తయారుచేసిన క్లబ్బుకు శిక్షణ పరిహారం ఇవ్వాలని ఫిఫా నియమం ఉంది. ఇక్కడా అలాంటిది పెట్టాలి. శిక్ష ఆటగాడికి కాదు, ఖర్చు తీసుకుపోయేవాడికి.

లెక్కల మాస్టారు
ఇది ఆలోచించదగ్గ మాట. 2025 జూన్‌లో కోర్టు ఆమోదించిన ఒప్పందంతో కాలేజీలే ఆటగాళ్లకు నేరుగా డబ్బు ఇవ్వవచ్చు, మొదటి ఏడాది ఒక్కో కాలేజీకి సుమారు 2.05 కోట్ల డాలర్ల దాకా. అంత ఇచ్చేవాళ్లకు పరిహారం బరువా?

రచ్చబండ రాజు
బరువు కాదు. కానీ పరిహారం అంటే ఒప్పందం ఉండాలి, ఒప్పందానికి గడువు ఉండాలి, అప్పుడు ఆటగాడు ఉద్యోగి అవుతాడు. ఎన్‌సీఏఏ ఇన్నేళ్లుగా కాదంటున్నది సరిగ్గా ఆ మాటనే. అది ఒప్పుకున్న రోజున నా ఏడాది బెంచీ నేను ఎత్తేస్తాను. అందాకా అక్కడే ఉంటుంది.

డెంటన్ బాబాయి
ఉంచండి. పక్కన కోచ్‌కు కూడా ఒక కుర్చీ వేయించండి.