"వాట్ డు యూ రీడ్"లో ఇంగ్ ఏమైంది?

పాతపుస్తకం: షేక్‌స్పియర్ నాటకం హామ్లెట్, రెండో అంకం, రెండో రంగం. పుస్తకం చదువుకుంటూ వచ్చిన రాకుమారుణ్ణి మంత్రి పొలోనియస్ అడిగేది "వాట్ డు యూ రీడ్, మై లార్డ్?" అనా, "వాట్ ఆర్ యూ రీడింగ్" అనా? నా నాలుక మీద మొదటిదే ఉంది. కానీ ఇవాళ అలా అడిగితే "మీరు మామూలుగా ఏం చదువుతుంటారు?" అనే అర్థం వస్తుంది కదా!

గోదారిగట్టు: "డు యూ రీడ్" అనే. ఆ కాలంలో సింపుల్ ప్రెజెంట్ అలవాటుకూ, కళ్లెదుట జరిగేదానికీ రెండింటికీ చెల్లేది. 1611 నాటి బైబిల్లో "విదర్ గోయెస్ట్ దౌ" అంటే "ఎక్కడికి వెళ్తున్నావు" అనే.

ఛందోభిమాని: అంత తేలిగ్గా వదలకండి. షేక్‌స్పియర్‌దే "టూ జెంటిల్మెన్ ఆఫ్ వెరోనా"లో తండ్రి కొడుకుని "హౌ నౌ! వాట్ లెటర్ ఆర్ యూ రీడింగ్ దేర్?" అంటాడు. సిలబుల్స్ లెక్కపెట్టండి, సరిగ్గా పది. పాదం నిండడానికే ఆ "ఇంగ్" వచ్చిందని నా నమ్మకం.

గోదారిగట్టు: ఆ పాదం వరకూ సరే. పొలోనియస్ ప్రశ్న వచనంలో ఉంది, అక్కడ ఛందస్సు అడ్డం రాదు. రెండు రూపాలూ చేతిలో ఉండగా సింపుల్‌నే రాశాడంటే అదే అప్పటి మామూలు మాట అన్నమాట. ఇంకాస్త ముందు రాణి మాట చూడండి: "ద పూర్ రెచ్ కమ్స్ రీడింగ్". అక్కడ "కమ్స్" కూడా కళ్లెదుట జరుగుతున్నదే. "హియర్ కమ్స్ ద బస్" అనేటప్పుడు ఆ పాత వాడుక ఇవాళ్టికీ బతికే ఉంది.

అనువాదకురాలు: అప్పటి సంగతి అది. మనవాళ్ల చిక్కు ఇప్పటి నియమంతోనే. తెలుగులో "లేస్తాను" అలవాటుకీ భవిష్యత్తుకీ ఒకటే. అందుకే "రోజూ ఐదింటికి లేస్తాను" అన్నది "ఐ విల్ గెట్ అప్ డైలీ ఎట్ ఫైవ్" అయిపోతుంది. కావలసింది "ఐ గెట్ అప్". ఇక "-తున్నాను" కనబడగానే "ఇంగ్" తగిలిస్తారు. "బ్యాంకులో పనిచేస్తున్నాను" అన్నది స్థిరమైన ఉద్యోగమైతే "ఐ వర్క్ ఇన్ ఎ బ్యాంక్", ఈ వేసవి వరకే అయితే "ఐ యామ్ వర్కింగ్". "పదేళ్లుగా ఇక్కడ ఉంటున్నాను"కి ఆ రెండూ పనికిరావు, "ఐ హ్యావ్ లివ్డ్ హియర్ ఫర్ టెన్ ఇయర్స్" అనాలి.

"అర్థమవుతోంది", "వినిపిస్తోంది" కూడా ఇలాంటివే. "ఐ అండర్‌స్టాండ్", "ఐ కెన్ హియర్ యూ" చాలు. క్రియ పేరు చూసి కాదు, అర్థం చూసి తేల్చుకోవాలి. "ఐ హ్యావ్ టూ బ్రదర్స్"లో ఇంగ్ కుదరదు, "ఐ యామ్ హ్యావింగ్ లంచ్"లో ఉండి తీరాలి. "హీ ఈజ్ రూడ్" అంటే స్వభావమే మొరటు. "హీ ఈజ్ బీయింగ్ రూడ్" అంటే ఈ పూట మాత్రమే.

ఛందోభిమాని: ముంబై ఇంగ్లీషు కవి నిస్సిమ్ ఎజెకియల్ "ఐ యామ్ స్టాండింగ్ ఫర్ పీస్ అండ్ నాన్ వయొలెన్స్" అని రాసింది మన దేశపు ఇంగ్లీషులోని ఇలాంటి "ఇంగ్"నే చెవినబెట్టుకుని. గొప్ప చెవి ఆయనది.

పాతపుస్తకం: ఈ మాట వచ్చింది కాబట్టి అడుగుతున్నాను. పోతన "పలికెడిది భాగవతమట" పద్యంలో "పలికెద" ఉంది చూడండి, అది ఇంగ్లీషులో ఏమవ్వాలి? "ఐ విల్ సింగ్" అంటే చప్పగా ఉంది.

అనువాదకురాలు: "ఐ సింగ్". చెప్పడమే చేయడమైన చోట సింపులే వస్తుంది. "ఐ ప్రామిస్", "ఐ డిక్లేర్" అలాంటివే. "ఐ యామ్ ప్రామిసింగ్" అంటే మాట ఇవ్వడం అవదు, ఇస్తున్న సంగతి వర్ణించడం అవుతుంది. 1697లో ఇంగ్లీషు కవి డ్రైడెన్ లాటిన్ కవి వర్జిల్ కావ్యానికి చేసిన అనువాదాన్ని "ఆర్మ్స్, అండ్ ద మ్యాన్ ఐ సింగ్" అనే మొదలుపెట్టాడు.

గోదారిగట్టు: ఒప్పుకోను. బడి వ్యాకరణంలో "వండెదను" భవిష్యత్తు. "వేరొండు గాథ పలుకగనేలా" అని అడుగుతున్నవాడు ఇంకా కావ్యం మొదలుపెట్టలేదు, నిర్ణయం తీసుకుంటున్నాడు. "ఐ షల్ సింగ్" అనే ఉండాలి.

అనువాదకురాలు: నిర్ణయం ఆ మాటతోనే పూర్తయింది కదండీ! అందుకే "షల్" అక్కర్లేదంటున్నాను.

ఛందోభిమాని: పోతనని కాసేపు పక్కన పెట్టండి. పొలోనియస్ మళ్లీ అంటాడు కదా, "ఐ మీన్ ద మ్యాటర్ దట్ యూ రీడ్" అని. అది 1604 క్వార్టో (నాటకం విడిగా వచ్చిన చిన్న సైజు ముద్రణ) పాఠం. 1623 ఫోలియో (నాటకాలన్నీ చేర్చిన పెద్ద సంపుటి)లో "ద మ్యాటర్ యూ మీన్" అని ఉంది. ఫోలియోని నమ్మితే రెండో "రీడ్" అసలు లేనే లేదు.

గోదారిగట్టు: లేకపోతేనేం, మొదటి "డు యూ రీడ్" రెండింటిలోనూ ఉంది. "పలికెద" మీద ఇంకొకరెవరైనా చెప్పండి.