జీతం లేదు, సిబిల్ లేదు.. మొదటి క్రెడిట్ కార్డు ఎట్టా తీసుకోవాలి?

కావలి కుర్రోడు:
అన్నలకి నమస్తే. కావలి దగ్గర బీటెక్ మూడో సంవత్సరం చదువుతున్నా. సాయంత్రాలు పదో తరగతి పిల్లలకి లెక్కలు చెప్పి 24 వేలు వెనకేశా. నాన్నకి రొయ్యల గుంటలు, ఒక పంటకి చేతిలో డబ్బుంటే ఇంకో పంటకి ఉండదు, రేపు నాకు ఉద్యోగం వచ్చాక ఏ లోన్ కావాలన్నా నా పేరు మీద సిబిల్ (అప్పు సరిగ్గా కడతామా లేదా చెప్పే స్కోరు) ఉంటే మంచిదని ఇప్పటి నుంచే ఆలోచన. మొన్న కాలేజీ గేటు ముందు ఒకాయన టెంటు వేసుకుని, బ్యాగు ఫ్రీ అంటూ కార్డు ఫారాలు నింపిస్తున్నాడు. నాకు జీతం లేదన్నా అంటే "ప్రైవేటు జాబు, ఏడాదికి మూడు లక్షలు అని రాసెయ్ తమ్ముడూ, ఎవరు చూస్తారు" అన్నాడు. సంతకం పెట్టకుండా ఫారం ఇంటికి తెచ్చుకున్నా. పెట్టమంటారా, లేక నాన్న కార్డు మీద యాడ్-ఆన్ (ఆయన ఖాతా మీదే నాకు ఇచ్చే అదనపు కార్డు) తీసుకోనా?

ఒంగోలు బ్యాంకాయన:
ముందు ఆ ఫారం చింపెయ్ అబ్బాయ్. లేని జీతం రాసి సంతకం పెడితే రేపు తేడా వచ్చినప్పుడు ఇరుక్కునేది నువ్వు, టెంటు పీకేసుకుని పోయిన వాడు కాదు. పైగా అప్లై చేసిన ప్రతిసారీ బ్యాంకు నీ సిబిల్ రిపోర్టు తీస్తుంది, అది ఎంక్వైరీగా పడుతుంది. నాలుగు చోట్ల పెట్టి నాలుగు రిజెక్ట్ అయితే మొదట్లోనే మచ్చ. యాడ్-ఆన్ మాట కూడా మర్చిపో, అది నాన్న పేరు మీదే నడుస్తుంది, నీకు హిస్టరీ, అంటే అప్పు తీసుకుని కట్టిన రికార్డు, రాదు.

నీకు సరిపోయేది ఎఫ్‌డీ మీద ఇచ్చే కార్డు. 18 నిండితే చాలు, జీతం కాగితాలు అడగరు. ఆ 24 వేలలో 20 వేలు ఎఫ్‌డీ వేస్తే, బ్యాంకుని బట్టి అందులో 80, 90 శాతం దాకా లిమిట్ ఇస్తారు. ఎఫ్‌డీ వడ్డీ ఎప్పట్లాగే వస్తుంటుంది, కాకపోతే కార్డు ఉన్నన్నాళ్ళూ దాన్ని కదిలించలేవు, బిల్లు ఎగ్గొడితే అందులోంచే పట్టుకుంటారు. ఇంట్లో అవసరానికి దాచిన డబ్బైతే మాత్రం వెయ్యొద్దు. కనీసం ఎంత వెయ్యాలో, ఏడాది ఫీజు ఉందో లేదో రెండు మూడు బ్యాంకుల్లో అడుగు. మొదటి కార్డుకి రివార్డు పాయింట్లు చూడటం దండగ, ఫీజు లేనిదే చూసుకో.

చీమకుర్తి చిన్నోడు:
బ్యాంకాయన చెప్పింది కరెక్టు, కానీ కార్డు చేతికొచ్చాక ఏమవుతుందో నన్నడుగు. నాది జీతం మీద వచ్చిన కార్డే. 18 వేలు పెట్టి ఫోన్ కొన్నా. స్టేట్‌మెంట్‌లో కట్టాల్సిన మొత్తం 18,000, దాని కిందే మినిమమ్ డ్యూ (కనీసం కట్టాల్సింది) 900 అని ఉంది. ఓహో, నెలకి 900 కడితే అయిపోతుంది కదా, ఈఎంఐ లాగా అనుకున్నా! రెండో నెల బిల్లు చూస్తే గుండె జారింది సామీ. నెలకి మూడున్నర శాతం లెక్కన వడ్డీ 630, దాని మీద 18 శాతం జీఎస్‌టీ 113. అంటే నేను కట్టిన 900లో అసలుకి పోయింది ఇంచుమించు 157 రూపాయలు. పైగా పాత బాకీ ఉన్నప్పుడు కొత్తగా గీకిన వాటికి వడ్డీ లేని గడువు కూడా ఉండదంట, ఆ నెల పెట్రోలుకి కూడా వడ్డీ పడింది. ఆఖరికి అమ్మ చీటీ పాడి ఇస్తే కట్టేశా. ఆమె నన్ను ఏమీ అనలేదు, అదే ఎక్కువ బాధ.

నెల్లూరు ట్రంకు రోడ్డు:
ఈ గొడవంతా ఎందుకు, కార్డే తీసుకోకుంటే పోలా? మా నాయన ఒక్క కార్డు లేకుండా మేడ కట్టాడు.

ఒంగోలు బ్యాంకాయన:
కట్టొచ్చండీ, కాదనను. కానీ ఇప్పుడు లోన్‌కి వస్తే మేం మొదట చూసేది స్కోరే. 300 నుంచి 900 దాకా ఉంటుంది, 750 దాటితే పని సులువు. ఏ అప్పూ లేనివాడికి స్కోరే ఉండదు, వాడు మంచోడో కాదో మాకు తెలియాలి కదా. అబ్బాయ్, నీకు ఎడ్యుకేషన్ లోన్ ఏమైనా ఉందా? ఉంటే నీ హిస్టరీ ఎప్పుడో మొదలైంది. రిపోర్టు ఏడాదికోసారి ఫ్రీగా ఇస్తారు, తీసి చూసుకో.

కావలి కుర్రోడు:
లోన్ లేదన్నా. ఫారం చింపేశా, సోమవారం బ్యాంకుకి పోతా. నెలకి ఎంత వాడొచ్చు? ఏటీఎంలో డబ్బులు కూడా తీసుకోవచ్చంటున్నారు?

ఒంగోలు బ్యాంకాయన:
ఏటీఎం జోలికి పోవద్దు, తీసిన రోజు నుంచే వడ్డీ, ఫీజు వేరే. లిమిట్ 16 వేలు వస్తే నాలుగైదు వేలు దాటనీకు. ఫోన్ రీచార్జి, బస్ టికెట్లు, ఎలాగూ పెట్టే ఖర్చులే దాని మీద పెట్టి, ఆ డబ్బు అకౌంట్లో పక్కన ఉంచు.

చీమకుర్తి చిన్నోడు:
తమ్ముడూ, ఆటోపే పెట్టేటప్పుడు టోటల్ డ్యూ, మినిమమ్ డ్యూ అని రెండు ఆప్షన్లు ఉంటాయి. చూసి నొక్కు. నాది మినిమమ్ మీదే ఉండిపోయింది.