వానకాలవకి సిమెంటు, స్లాబ్ వెయ్యాలా వద్దా? బరంపురం, పర్లాకిమిడి వాళ్ళు చెప్పండి

పాతబరంపురం:
మా వీధి కాలవకి అడుగున సిమెంటు పోసి పైన స్లాబ్ మూసేద్దామని అంటున్నారు, వీధి జనమంతా రెండు పక్షాలైపోయారు. నేనైతే మూసేయాలనే అంటాను. కంపు, దోమలు, గట్టి వానొస్తే రోడ్డేదో కాలవేదో తెలీదు, పిల్లలు పడిపోతే ఎవరు దిక్కు?

గెడ్డఒడ్డు:
పిల్లల మాట నిజమే తమ్ముడూ, కానీ కంపు ఎక్కడినుంచి వస్తోందో ముందు చూడండి. వాన నీళ్ళు కంపు కొట్టవు కదా. సెప్టిక్ ట్యాంక్ పైపులు కాలవలోకి వదిలేసిన ఇళ్ళు ప్రతి వీధిలో ఉంటాయి, స్లాబ్ వేస్తే ఆ పైపులు ఇంక కనపడవు, కనపడకపోతే ఇంకో నాలుగు కలుస్తాయి. మురుగైతే శుద్ధిచేసే ప్లాంటుకి పోవాలి, వానకాలవ నీళ్ళకి ప్లాంటూ లేదు ఏమీ లేదు, ఎలా ఉన్నవి అలాగే చెరువులోకో ఏట్లోకో పోతాయి. మా పర్లాకిమిడివి మహేంద్రతనయ ఏట్లోకి, అక్కడినుంచి వంశధార, కళింగపట్నం దగ్గర సముద్రం. మధ్యలో ఆ నీళ్ళు వాడుకునే ఊళ్ళ సంగతేంటి?

రాయగడ_డ్రాయింగ్:
లెక్క చెప్తాను. వెయ్యి చదరపు అడుగుల డాబా మీద 50 మిల్లీమీటర్ల వాన పడితే సుమారు 4,600 లీటర్లు. మట్టి పెరడైతే కొంత ఇంకుతుంది, డాబా మీదా సిమెంటు రోడ్డు మీదా పడింది దాదాపు అంతా రనాఫే, అంటే ఇంకకుండా పైపైన పారిపోయే నీళ్ళే. కాలవ అడుగు కూడా సిమెంటు చేస్తే నీళ్ళు ఇంకా జోరుగా పోయి పల్లంలో ఉన్నవాళ్ళ ఇళ్ళ మీద పడతాయి, మన వీధి బాగుపడి వాళ్ళ వీధి మునుగుతుంది. ఇంకోటి, ఎండలన్నాళ్ళూ రోడ్డు మీద పేరుకున్న ఆయిలు, పేడ, చెత్త మొదటి వానకి ఒక్కసారి కొట్టుకొస్తాయి, దాన్నే ఫస్ట్ ఫ్లష్ అంటారు, అన్నిటికన్నా మురికి నీళ్ళు అవే. కాలవ చెరువులో కలిసేచోట మట్టి దిగే గుంట ఒకటి, జాలీ ఒకటి పెట్టాలి, ఏటా వానలకి ముందు తియ్యాలి.

నూతినీళ్ళు:
మట్టి అడుగే మేలంటే నేనొప్పుకోను. మా నుయ్యి కాలవ పక్కనే ఉంది, కాలవలో మరుగుదొడ్డి నీళ్ళు పారుతుంటే నూతిలోకి ఇంకేది కూడా అవే కదా!! మాకు సిమెంటు కావాల్సిందే.

గెడ్డఒడ్డు:
అక్కా, మీ భయం సరైనదే, అందుకే ముందు పైపులు తియ్యాలంటున్నాను. మురుగు వేరు, వాన వేరు అని గవర్నమెంటే ఒప్పుకుంది, మురుగుకి 2013లో ఒక మాన్యువల్ వేసి 2019లో వానకాలవలకి వేరే మాన్యువల్ వేసింది కేంద్రం. 1974 నీటి చట్టంలో సెక్షన్ 24 చూడండి, తెలిసి ఏట్లోకి గానీ నూతిలోకి గానీ విషపు, మురికి పదార్థాలు వదలకూడదని ఉంది. అమెరికావాళ్ళు 1972 నీటి శుభ్రత చట్టంతో ముందు ఫ్యాక్టరీ పైపుల్నే పట్టుకున్నారు, అంతటితో చాలక 1987లో సవరించి ఊళ్ళ వానకాలవలకి కూడా పర్మిట్లు పెట్టారు. ఫ్యాక్టరీ పైపైతే వేలు పెట్టి చూపించొచ్చు, వీధి మురికి ఏ ఒక్కరిదీ కాదు కాబట్టే ఎవరూ పట్టించుకోరు, నాకు కడుపు మండేది అక్కడే.

పాతబరంపురం:
అంతవరకు బానే ఉంది అన్నా, మరి దోమలో? పైపులు తియ్యడానికి ఎన్నేళ్ళు పడుతుందో, అప్పటిదాకా తెరిచే ఉంచాలా?

రాయగడ_డ్రాయింగ్:
మూసినంత మాత్రాన దోమ పోదండి, స్లాబ్ కింద నీళ్ళు నిలిస్తే చీకట్లో ఇంకా పెరుగుతుంది, పూడిక తియ్యడానికి మనిషి చెయ్యి కూడా దూరదు. వాలు సరిగ్గా ఇచ్చి నీళ్ళు నిలవకుండా చెయ్యాలి. మూతే కావాలంటే ఎత్తి పెట్టే పలకలు వెయ్యమనండి, మధ్యమధ్యలో ఇనప జాలీలు. నూతి పక్కన ఆ ముక్క వరకు సిమెంటు చేసుకోవచ్చు.

నూతినీళ్ళు:
ఆ ముక్క వరకు అంటే సరే. కానీ పైపులున్న ఇళ్ళలో సగం వార్డులో పలుకుబడి ఉన్నవాళ్ళవే, వాళ్ళ గుమ్మంలోకెళ్ళి ఎవరు అడుగుతారో అది కూడా చెప్పండి.

పాతబరంపురం:
మీటింగులో నేనే అడుగుతాను, పైపుల లిస్టు రాసి అందరి ముందూ చదువుతాను. ఎత్తే పలకలైనా సరే, మూత మాత్రం ఈ వానాకాలం లోపల పడాలి, దాని మీద నేను తగ్గను.