‘శ్యామ్‌చీ ఆయీ’ని మా బాపుకు చివరిదాకా చదివి వినిపించవచ్చునా?

ప్రశ్న (ధర్మాబాద్, నాందేడ్ జిల్లా)

పెద్దలకు నమస్కారం. మా అమ్మ పోయి వచ్చే మార్గశిరానికి ఏడాది నిండుతుంది. ఇంట్లో నేను, మా బాపు మిగిలాము. బాపుకు ఎనభై దగ్గర పడుతున్నాయి. మిర్చి బేరాలకు సరిపడా మరాఠీ మాట్లాడగలరు గాని, చదవలేరు. నా చదువంతా ఇక్కడి మరాఠీ బడిలోనే సాగింది కాబట్టి నాకు పుస్తకమంటే మరాఠీ, అమ్మ అంటే తెలుగు. ఈ రెండూ ఒకచోట కలుస్తాయని నేను ఎన్నడూ అనుకోలేదు.

పోయిన నెలలో అటక సర్దుతుంటే నా చిన్ననాటి పుస్తకం, సానే గురూజీ తన తల్లిని తలచుకుని మరాఠీలో రాసిన ‘శ్యామ్‌చీ ఆయీ’ (శ్యామ్ తల్లి), దొరికింది. అందులో శ్యామ్ అంటే గురూజీయే, ఒక్కొక్క కథ ఒక్కొక్క ‘రాత్రి’. రాత్రి భోజనాలయ్యాక ఒక్కొక్క కథను అప్పటికప్పుడు తెలుగులోకి మార్చి బాపుకు చెబుతున్నాను. స్నానం చేసిన పిల్లవాడు తడి పాదాలకు మట్టి అంటుతుందని మారాం చేస్తే, తల్లి బండ మీద తన కొంగు పరిచే కథ మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. పాదాలకు మట్టి అంటకుండా ఎంత జాగ్రత్త పడుతున్నావో, మనసుకు మురికి అంటకుండా అంత జాగ్రత్త పడమని ఆమె తర్వాత చెబుతుంది. ఆ కథ చెబుతూ నేను ఒక మాట దగ్గర ఆగిపోయాను. కొంగు పరచడం అంటే మన భాషలో దేబిరించడం, మరాఠీలో ‘పదర్ పసరణే’ అన్నా అదే అర్థం. ఎవరి ముందూ కొంగు పరచని ఆ తల్లి బిడ్డ పాదాల కింద పరచిందని చెప్పేసరికి నా గొంతు పూడుకుపోయింది. బాపు మాత్రం, ‘తర్వాత ఏమైంది?’ అని అడిగారు.

నా సందేహాలు రెండు. చివరి రాత్రులలో ఆ తల్లి మంచం పట్టి కన్నుమూస్తుంది. ఏడాది తిరగకముందే బాపుకు ఆ భాగం వినిపించడం ధర్మమేనా, లేక మధ్యలోనే ఆపివేయాలా? రెండవది, ఈ పుస్తకం కేవలం కన్నీళ్ల కోసం రాసినదని, నేటి కాలానికి అతిగా అనిపిస్తుందని నా స్నేహితుడు ఒకరు అన్నారు. చదివినవారు తమ అభిప్రాయం చెప్పవలసిందిగా కోరుతున్నాను.

మొదటి సమాధానం (దెగ్లూర్)

నాయనా, ముప్పై ఏళ్లకు పైగా పిల్లలకు మరాఠీ పాఠం చెప్పినవాడిని, ఇంట్లో తెలుగు మాట్లాడుకునేవాడిని. నీ రెండవ సందేహానికి ముందు జవాబు చెబుతాను, ఎందుకంటే మొదటిదానికి దారి అందులోనే ఉంది.

గురూజీ తల్లి యశోదాబాయి 1917లో పోయారు. ఆయన ఈ కథలు రాసింది 1933లో, నాసిక్ జైలులో ఉండగా. పుస్తకం అచ్చయింది 1935లో. అంటే పదహారేళ్ల పాటు లోపలే ఉండిపోయిన దుఃఖం అది. అప్పుడే తెగిన గాయం గురించి రాసేవారు నొప్పినే రాస్తారు. పదహారేళ్ల తర్వాత రాసేవారికి నొప్పి ఉన్నా, దాని పక్కనే ఆమె వండిన కూర, మొక్కల మీద విచ్చుకోకముందే మొగ్గలు కోసుకొచ్చిన కొడుకును ఆమె మందలించిన తీరు కూడా కనిపిస్తాయి. ఈ పుస్తకంలో చావుకు చోటు తక్కువ, ఇంటికి చోటు ఎక్కువ.

దానిని అతి అనేవారు ఉప్పు లేని కూర కథను ఒకసారి మళ్ళీ చదవాలి. ఆ రోజు తల్లి కూరలో ఉప్పు వేయడం మరచిపోతుంది. తండ్రి ఏమీ అనకుండా తింటాడు, ఆయన అనలేదు కాబట్టి పిల్లలూ అనరు. అందరి తర్వాత తాను విస్తరి ముందు కూర్చుని మొదటి ముద్ద నోట పెట్టుకున్నాక గాని ఆమెకు సంగతి తెలియదు, తెలిశాక తన వాళ్లకు సరిగ్గా వండిపెట్టలేకపోయానే అని బాధపడుతుంది. ఇందులో ఏడుపు ఎక్కడ ఉంది? ఒకరి కష్టాన్ని ఒకరు నొప్పించకుండా దాటించే ఇంటి మర్యాద తప్ప మరేమీ లేదు. నా తరగతిలో పిల్లలు కొంగు కథకు నిశ్శబ్దంగా వినేవారు, ఈ కథకు మాత్రం తమ ఇళ్ల సంగతులు చెప్పడం మొదలుపెట్టేవారు.

ఇక బాపు విషయం. శ్యామ్ ఆశ్రమంలో ప్రార్థన ముగిశాక స్నేహితులకు రోజుకొక కథ చొప్పున చెబుతాడు. నువ్వు చేస్తున్నదీ అదే కాబట్టి ఆ పద్ధతిని చెడగొట్టకు. ఒక రాత్రికి ఒక్క కథ, అంతకు మించి వద్దు. ఆయన వద్దన్న రోజున ఆపు, అడిగిన రోజున చెప్పు. చివరి భాగాన్ని దాచిపెడితే ఆయనకు తెలియకుండా ఉండదు. పుస్తకంలో ఇంకా ఎన్ని పుటలు మిగిలాయో ఎదురుగా కూర్చున్న మనిషికి కనబడుతూనే ఉంటుంది.

రెండవ సమాధానం (సిరొంచ, గడ్చిరోలి జిల్లా)

మాస్టారు గారి మాటలను గౌరవిస్తూనే నేను కొంత భిన్నంగా చెప్పదలచుకున్నాను. నేను ఈ పుస్తకాన్ని పన్నెండేళ్లప్పుడు చదివి వెక్కివెక్కి ఏడ్చాను. నలభై దాటాక, మా అమ్మకు మూడేళ్లు మంచం దగ్గర సేవ చేసిన తర్వాత మళ్ళీ చదివినప్పుడు నాకు కోపం వచ్చింది. ఆ తల్లి అలిసిపోతుంది గాని, ‘నాకు చేతకాదు’ అనదు. ఆస్తి కరిగిపోయినా, అప్పులవాళ్ల మనుషులు గుమ్మంలో నిలబడి మాటలంటున్నా, తాను తినకపోయినా, పిల్లల బుద్ధి చక్కగా ఉండాలనే ఆమె తపన. మన ఇళ్లలో ఎవరైనా ఆడది ఒక్కరోజు విసుక్కుంటే, ‘శ్యామ్ తల్లిని చూడు’ అన్న మాట నేను చెవులారా విన్నాను. కొడుకు ప్రేమతో గీసిన బొమ్మను లోకం కోడళ్లకు కొలబద్దగా వాడుకుంది. ఆ తప్పు గురూజీది కాదని నాకు తెలుసు, అయినా ఆ బరువు మోసింది మేము.

నాకు ఆ పుస్తకంలో నిజమైన తల్లి కనిపించేది ఈత కథలో. బావిలో దూకడానికి భయపడి పిల్లవాడు అటక మీద దాక్కుంటే, ఆమె కిందికి లాగి కొట్టి మరీ ఈతకు పంపుతుంది. వాడు తిరిగి వచ్చాక ఒంటి మీద తేలిన వాతలకు నూనె రాస్తూ తానూ కన్నీళ్లు పెట్టుకుంటుంది. నలుగురూ నా కొడుకును పిరికివాడంటే భరించలేనని చెబుతుంది. అక్కడ ఆమెకు కోపం ఉంది, పంతం ఉంది, పశ్చాత్తాపం ఉంది. ప్రాణహిత గోదావరిలో కలిసే ఊరు మాది. పిల్లలను నీళ్లకు పంపే తల్లి గుండె ఎలా కొట్టుకుంటుందో మాకు ఒకరు చెప్పనక్కరలేదు.

తమ్ముడూ, బాపు గారి గురించి ఒక్క సంగతి గమనించండి. మీరు ఈ పుస్తకాన్ని కొడుకుగా చదువుతున్నారు, ఆయన మాత్రం భర్తగా వింటున్నారు. శ్యామ్ తండ్రి అప్పుల్లో మునిగి, భార్యకు సుఖం ఇవ్వలేకపోయిన మనిషి. ‘అప్పు అంటే బతికి ఉండగానే నరకం’ అని ఒక రాత్రి కథకు పేరే ఉంది. మీ ఇంట్లో కూడా అలాంటి రోజులు గడిచి ఉంటే, తల్లి మరణం కన్నా ఆ కథే ఆయనను ఎక్కువ కలచివేయవచ్చు. దానిని వినిపించే ముందు ఆయనతో ఒక మాట అనండి.

మూడవ సమాధానం (రాజురా, చంద్రపూర్ జిల్లా)

సినిమా చూపించవచ్చు కదా అని ఎవరైనా సలహా ఇస్తారేమో అని ముందుగా రాస్తున్నాను. ఆచార్య అత్రే 1953లో తీసిన చిత్రం గొప్పదే, తొలి జాతీయ పురస్కారాలలో రాష్ట్రపతి స్వర్ణపతకం దానికే దక్కింది. అయినా ఈ పరిస్థితిలో నేను పుస్తకాన్నే ఎంచుకుంటాను, ఎందుకంటే తెర మీద తల్లికి ఒక ముఖం ఉంటుంది. మీరు తెలుగులో చెబుతుంటే బాపు గారికి కనిపించే ముఖం వేరు.

చదువు కోసం దూరాన ఉన్న శ్యామ్‌కు తల్లి చివరిచూపు దక్కలేదు. మా నాన్న విషయంలో నాదీ అదే కథ. ఆ భాగాన్ని నేను మూడుసార్లు మొదలుపెట్టి మూడుసార్లు మూసేశాను. నాలుగోసారి పూర్తి చేశాను. మీరు బాపు కోసం భయపడుతున్నారని రాశారు గాని, ఆ భయం మీదే కావచ్చునని నాకు అనిపిస్తోంది. తప్పుగా అని ఉంటే మన్నించండి.

మళ్ళీ ప్రశ్న అడిగినవారు (ధర్మాబాద్)

ముగ్గురికీ నమస్కారాలు. సిరొంచ అక్కయ్య చెప్పిన అప్పు కథను పక్కన పెట్టి, నిన్న రాత్రి మాస్టారు గుర్తుచేసిన ఉప్పు లేని కూర కథ చెప్పాను. ‘అళణీ’ అన్న మాటకు నాకు వెంటనే నోటికొచ్చినది ‘చప్పిడి’. ఆ మాట అన్నాక గాని నాకు తట్టలేదు. కిడ్నీ జబ్బు వల్ల డాక్టర్లు ఉప్పు తగ్గించమన్నాక, చివరి ఎనిమిది నెలలు మా అమ్మ తిన్నది చప్పిడి కూడే. ఆమెకు వేరుగా, మాకు వేరుగా వండించేవాణ్ణి.

కథ అయిపోయాక బాపు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, ‘మీ అమ్మ గిన్నెలోదే నేనూ తిన్నా, నీకు తెల్వదు’ అన్నారు. నేను పొద్దున్నే పనికి పోయాక మధ్యాహ్నం తన గిన్నె ముట్టకుండా ఆమెతో పాటు అదే తినేవారట. రాత్రి నేను వచ్చి చూస్తానని, తన వంతు కూర పక్కింటి పిల్లలకు పెట్టేవారట. అమ్మకు తెలుసా అని అడిగాను. ‘తెలుసు. ఏమనలే’ అన్నారు.

రాజురా నుంచి రాసినవారు అన్నది నిజమే, ఆ భయం నాదే. పుస్తకంలో ఇంకా పదకొండు రాత్రులు మిగిలి ఉన్నాయి. పడుకోబోతూ, రేపు త్వరగా తిందామని బాపే అన్నారు.